విప్పినప్పుడే మార్పించండి
జనగామ, మానుకోట, భూపాలపల్లి రోడ్ల మీద పాత డీజిల్ డస్టర్లు ఇంకా కనబడతాయి. 2012లో మన దేశంలోకి వచ్చిన బండి. టైమింగ్ బెల్టు మార్పిస్తూ వాటర్ పంపు జోలికి వెళ్లొద్దనే ఓనర్ల పొదుపు నాకు అర్థం కాదు. ఆ 1.5 లీటర్ల ఇంజిన్లో పంపును తిప్పేది ఆ బెల్టే. రేపు పంపు కారితే మళ్లీ అదంతా విప్పాలి, కూలీ రెండోసారి. బెల్టు తెగిందా, వాల్వులు వంగి హెడ్డు దించాల్సిందే. బెల్టు, టెన్షనర్, పంపు, కూలెంట్ ఒకే దెబ్బకు కానివ్వండి. ఎయిర్ ఫిల్టర్‌ది మాత్రం వేరే లెక్క: భూపాలపల్లిలో బొగ్గు లారీల వెనక తిరిగే బండికి దాన్ని పెద్ద సర్వీసు దాకా ఆపకూడదు. అలాగని ‘ఎలాగూ విప్పాం కదన్నా’ అంటూ మెకానిక్ బాగున్న ఇంజెక్టర్ల మీదికి పోతే ఒప్పుకోవద్దు. తీసేసిన పాత సామాను మీ చేతికిమ్మనండి.