చదవబుద్ధి కావడం లేదు, డాక్టరుగారూ!

"నరాల బలహీనతకు మంచి టానిక్కు రాయండి సార్" అంటూ మా ఓ.పి.కి వచ్చే కుర్రాళ్ళు చాలామందే ఉంటారు. నాడి చూస్తే బాగుంటుంది, బి.పి. బాగుంటుంది. కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పుస్తకం తెరిస్తే అక్షరం తలకెక్కదు. పొద్దున్నే లేవబుద్ధి కాదు. ఎవరైనా ఏదైనా అంటే కోపమో, కన్నీళ్ళో వస్తాయి. వీళ్ళలో ఎక్కువమంది దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ళలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు ఊళ్ళో అడుగుపెట్టేది ఎల్.బి.నగర్ దగ్గరే కనుక, అటువైపు పిల్లలు ఇక్కడే దిగి ఇక్కడే గది చూసుకుంటారు.

టానిక్కు సంగతి ముందు తేల్చేద్దాం. నీరసానికి శరీరంలో కారణం ఉందేమో చూడవలసిందే. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తక్కువ కావడం - ఇవన్నీ మామూలు రక్తపరీక్షల్లో తెలుస్తాయి. హాస్టల్లో పొద్దుటి టిఫిన్ మానేసి టీతో గడిపే ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండడం సర్వసాధారణం. ఆ లోపం ఉంటే మందు పనిచేస్తుంది. లేనప్పుడు ఎన్ని సీసాలు తాగినా, ఎన్ని "బలం సూదులు" పొడిపించుకున్నా పోయేది డబ్బే. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం మరీ ప్రమాదం. ఆ మాత్రల మత్తు మర్నాటి చదువును కూడా మింగేస్తుంది, క్రమేణా అలవాటుగా మారుతుంది.

మరి ఇది బద్ధకమా? కొడుకును వెంటబెట్టుకొని వచ్చిన ఒక రైతు నాతో ఇలా అన్నాడు: "సారూ, పైసలు పంపుడు నా వంతు, సదువుడు వాని వంతు. పొద్దంతా మంచం మీదనే పంటుండట. ఏమన్న గోలీలు రాయుండ్రి." కుర్రవాడు తల వంచుకు కూర్చున్నాడు. అతను గ్రూప్-1 కోసం చదువుతున్నాడు.

ఆ పరీక్ష కథ ఒకసారి గుర్తు చేసుకోండి. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు పడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగాయి. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ రాయించారు. ఇందులో తప్పెవరిదన్నది నా విషయం కాదు. బాగా చదివి రాసినవాడికీ, చదవకుండా రాసినవాడికీ రెండుసార్లు ఒకే ఫలితం దక్కింది. మనసు ఆ లెక్కను మరచిపోదు.

1967లో అమెరికాలో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు కుక్కలపై ఒక ప్రయోగం చేశారు. (ఇప్పుడైతే ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా.) కొన్ని కుక్కలు తలతో ఒక పలకను నొక్కితే కరెంటు షాకు ఆగిపోయేది. మరికొన్నింటికి ఎంత నొక్కినా ఆగేది కాదు. తర్వాత అన్నింటినీ, అడ్డుగోడ దూకితే తప్పించుకోగల పెట్టెలో ఉంచారు. మొదటి రకం దూకేశాయి. రెండో రకంలో ఎక్కువ భాగం దూకే ప్రయత్నమే మాని అలాగే పడి ఉండిపోయాయి. తిన్న షాకులు మాత్రం రెండింటికీ సమానమే సుమా! తేడా అంతా "నేను చేసినదానికి ఫలితం ఉంది" అన్న అనుభవంలోనే ఉంది. యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, అదే ఇద్దరూ తమ సిద్ధాంతాన్ని తామే సవరించుకున్నారు. కష్టం ఎక్కువకాలం సాగితే చతికిలబడడం మెదడుకు సహజమేననీ, నేర్చుకోవలసింది "ఇది నా చేతిలో ఉంది" అన్న నమ్మకమేననీ మెదడు పరిశోధనల ఆధారంతో రాశారు. కనుక ఆ తండ్రికి నేను చెప్పినదీ అదే: "మీవాడు సోమరి కాడు. ఎన్నిసార్లు నొక్కినా ఆగని పలక ముందు ఉన్నాడు."

పడి ఉన్న ఆ కుక్కలను బాగుచేసిన పద్ధతి కూడా మనకు పనికొచ్చేదే. మెడకు తాడు కట్టి, అడ్డుగోడకు అవతలికి మళ్ళీ మళ్ళీ లాగారు. కొంతసేపటికి అవే దూకసాగాయి. బుద్ధి పుట్టాక పని మొదలుపెడదామని మనం అనుకుంటాం. చాలాసార్లు పని మొదలయ్యాకే బుద్ధి పుడుతుంది. అందుకని ఆ కుర్రవాడికి పద్నాలుగు గంటల టైంటేబుల్ చింపేయమన్నాను. పొద్దున ఒకే వేళకు లేచి, స్నానం చేసి, సరూర్‌నగర్ స్టేడియం దాకా నడిచి రావాలి. టిఫిన్ తినాలి. తర్వాత అరగంటలో అయిదే పేజీలు. ర్యాంకు తన చేతిలో లేదు, నోటిఫికేషన్ అసలే లేదు. అయిదు పేజీలు ఉన్నాయి. వారం నిలబడితే పది. మంచం మీద చదవవద్దు, రాత్రి పదకొండు దాటాక టీ వద్దు.

తండ్రికి వేరే చీటీ. ఫోనులో "రిజల్ట్ ఎప్పుడొస్తదట బిడ్డా?" అని అడగవద్దన్నాను. "ఏం తిన్నవ్, ఏం సదివినవ్?" అంటే చాలు. పక్కింటి అబ్బాయి కానిస్టేబుల్ అయిన ముచ్చట అసలే వద్దు. భయపెడితే చదువుతారన్నది పాక్షిక సత్యమే. కొంచెం భయం మనిషిని లేపుతుంది, ఎక్కువైతే చదివినదీ గుర్తు రాదు. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఇలాంటిదే గమనించారు. పని ఎంత కష్టమైనదైతే, బెదురు అంత తక్కువ ఉండాలి.

అయితే అన్నీ నడకతో తగ్గవు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండడం, నిద్ర, ఆకలి పాడవడం, స్నానం కూడా మానేయడం, "నేను మీకు భారం" అనడం కనిపిస్తే అది వైద్యం చేయవలసిన జబ్బు. చావు ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. చాలామంది అడిగేవారు లేకనే చెప్పరు. అలా చెప్పిన మనిషిని గదిలో ఒంటరిగా వదలవద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేస్తే, 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ వారు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎర్రగడ్డ పేరు వింటే జనం నవ్వుతారు గానీ, ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండానే అక్కడ దిగవచ్చు. దిగులుకు డాక్టరు రాసే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. గుణం కనిపించలేదని వారానికే మానేయకండి. బాగైనట్టు అనిపించినా సరే, ఎప్పుడు ఆపాలో డాక్టరును అడిగే ఆపండి.