"మనిషన్నవాడే లేడు" అనే ఎడారి గురించి

పోస్ట్ పొడుగైంది. తిట్టాలనుకునేవాళ్లు కూడా మొత్తం చదివి తిట్టండి.

ఈ మధ్య మనోళ్ల స్టేటస్‌లలో కలహారీ ఎడారి వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఆఫ్రికాలో బోట్స్‌వానా దేశం. జీపు అద్దెకు తీసుకుని, పైన టెంటు బిగించుకుని, డ్రైవరూ గైడూ లేకుండా సొంతంగా తోలుకుంటూ ఎడారిలోకి పోతారు. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గిస్తారు. గడ్డి గింజలు రేడియేటర్‌లో ఇరుక్కుని ఇంజిన్ కాగిపోకుండా ముందర వల కడతారు. క్యాంపుకు కంచె ఉండదు, రాత్రిపూట నల్ల జూలు సింహం టెంటు పక్కనుంచే నడిచిపోతుంది. వానలు పడి డిసెప్షన్ లోయలో పచ్చిక మొలిస్తే పొడుగు కొమ్ముల ఓరిక్స్‌లు, స్ప్రింగ్‌బాక్ జింకలు మందలు మందలుగా దిగుతాయి. చూస్తుంటే నాకూ పోవాలనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నా గొడవ జంతువులతో కాదు. ఆ వీడియోల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక మాటతో. "వందల కిలోమీటర్లు పోయినా ఇక్కడ మనిషన్నవాడే లేడు" అంటారు. దాని కింద మన పిల్లలే లవ్ సింబల్స్ పెడుతున్నారు. మనిషి లేడు సరే, ఎందుకు లేడు అని ఒక్కరైనా అడిగారా?

ఆ చోటు పేరు సెంట్రల్ కలహారీ గేమ్ రిజర్వ్. దాదాపు 52,800 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగానికి కొంచెం తక్కువ. అక్కడ వేల ఏళ్లుగా ఉన్నది సాన్ ప్రజలు. బుష్‌మెన్ అన్నది తెల్లవాళ్లు పెట్టిన పేరు, బాసర్వా అన్నది త్స్వానా వాళ్లు పిలిచే పేరు. సాన్ అన్నది కూడా పక్కవాళ్లు పెట్టిందే. (మనల్ని గిరిజనులు అన్నది ఎవరు? సరే, అది ఇంకో పోస్ట్.) 1961లో బ్రిటిష్ పాలన ఉన్నప్పుడు ఆ రిజర్వ్ పెట్టారు. సాన్ వాళ్ల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని చదివిన జార్జ్ సిల్బర్‌బాయర్ అనే అధికారి సిఫార్సు మీద పెట్టారు. ఆయన ఉద్దేశం జంతువులూ బతకాలి, అక్కడి మనుషులూ తమ పద్ధతిలో బతకాలి అని. కానీ మనుషుల కోసం రిజర్వ్ పెట్టడానికి అప్పటి చట్టంలో దారి లేదు, జంతువుల పేరు మీద పెట్టారు. కాగితం మీద రాసిన ఆ పేరే తర్వాత వాళ్ల మెడకు చుట్టుకుంది.

1997లో రిజర్వ్ లోపల ఖాడే అనే పెద్ద ఊరిని ఖాళీ చేయించి, జనాన్ని బయట "కొత్త ఖాడే"లో పడేశారు. ఇప్పుడు టూరిస్టుల మ్యాపులో ఖాడే అంటే ఒక క్యాంప్‌సైట్. 2002లో మిగిలిన ఊళ్ల వంతు. తుపాకులతో తరమలేదు, నీళ్లు ఆపేశారు. మొథొమెలో అనే చోట ఉన్న బోరుకు మోటారు ఊడదీసి మూసేశారు, ట్యాంకులో దాచుకున్న నీళ్లు పారబోశారు. ఎడారిలో నీళ్లు పారబోయడమంటే ఏంటో ఎండాకాలం చెలిమ తోడుకుని బతికిన మన అవ్వల్ని అడగండి, చెప్తారు.

ఇక్కడ టూరిస్టు సంగతి చూడండి. రిజర్వ్‌లోకి పోయేవాడు తాగే నీళ్లన్నీ బయటి నుంచే క్యాన్లలో మోసుకుపోవాలి. ఎన్ని రోజులుంటాం, రోజుకు ఎన్ని లీటర్లు అని ముందే లెక్క కట్టుకోవాలి. క్యాన్ అయిపోతే వాడి పని ఖతం. సాన్ వాళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం పైన నీళ్లు కనబడని ఆ నేల మీద త్సమ్మా అనే అడవి పుచ్చకాయలతో, దుంపలు తురిమి పిండుకున్న రసంతో దాహం తీర్చుకుని బతికారు. ఏ తీగ కింద ఏ దుంప ఉంటుందో వాళ్లకు తెలుసు. ఇంత తెలిసినవాళ్లను పనికిరానివాళ్లని బయటికి పంపి, క్యాన్ లేకపోతే బతకలేనోణ్ణి "సాహసయాత్రికుడు" అంటున్నాం.

వాళ్లు ఊరుకోలేదు. రాయ్ సెసానా ముందుండి కోర్టుకెక్కారు. బోట్స్‌వానా చరిత్రలోనే చాలా పొడుగు సాగిన కేసు అది. 2006 డిసెంబర్ 13న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వాళ్ల వైపు తీర్పు చెప్పారు, ఒప్పుకోకుండా వాళ్ల భూమి నుంచి తీసేయడం తప్పన్నారు. గెలిచారు కదా అని మనం చప్పట్లు కొడతాం. ప్రభుత్వం మాత్రం కేసులో పేరున్నోళ్లకే ఈ తీర్పు అంది. మిగతావాళ్లు సొంత తాతల నేలకు పోవాలన్నా పర్మిట్ తీసుకోవాలి. బోరు తెరవడానికి కూడా ఒప్పుకోలేదు. 2010లో హైకోర్టు ఆ ఇబ్బంది వాళ్లు తెచ్చుకున్నదే అన్నట్టు మాట్లాడి కేసు కొట్టేసింది. 2011 జనవరిలో పై కోర్టు దాన్ని తిప్పేసి, సొంత ఖర్చుతో బోరు వాడుకోవచ్చంది. అదే కాలంలో అదే రిజర్వ్‌లో టూరిస్టుల కోసం స్విమ్మింగ్ పూల్ ఉన్న లాడ్జి నడుస్తోంది. ఇంక నేను చెప్పేదేముంది?

"వాళ్లు వేటాడితే జంతువులు మిగలవు కదా" అంటారు కొందరు. మన దగ్గర ఫారెస్టోళ్ల నోట కూడా ఇదే మాట. ఆ రిజర్వ్ ఉత్తరపు అంచున 1950లలో కూకే కంచె వేశారు. ఎందుకు? గాలికుంటు రోగం అంటకుండా పశువుల్ని కాపాడి, ఆ మాంసాన్ని యూరప్‌కు అమ్ముకోవడానికి. కరువు వచ్చినప్పుడు నీళ్ల కోసం నడిచిన వైల్డ్‌బీస్ట్‌లు ఇలాంటి కంచెల దగ్గరే వేలకొద్దీ దాహంతో చచ్చిపోయాయి. అన్ని జంతువుల్ని విల్లంబులు చంపలేదు. 2014లో దేశమంతా వేట నిషేధించారు, తినడానికి ఒక జింకను కొట్టిన సాన్ మనిషి నేరస్థుడయ్యాడు. 2019లో నిషేధం ఎత్తేసి, తల గోడకు తగిలించుకునే విదేశీ వేటగాళ్లకు ఏనుగుల లైసెన్సులు అమ్మారు. పొట్ట కోసమైతే నేరం, షోకు కోసమైతే ఆదాయం!

ఇంకో మాట నన్ను ఎక్కువ గుచ్చుతుంది. "బయటికి వస్తే స్కూలు, ఆస్పత్రి దొరుకుతాయి, నువ్వు కూడా హాస్టల్‌కు వచ్చే కదా చదువుకుంటున్నావ్" అని మా రూమ్మేట్ అన్నాడు. నిజమే, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కానీ తమ్ముడూ, సెలవులొస్తే నేను బస్సెక్కి ఊరికి పోతా. గేటు దగ్గర నన్ను పర్మిట్ అడిగేవాడు లేడు. చదువుకోవడానికి రావడం వేరు, వెనక దారి మూసేయడం వేరు. పైగా పాత ఖాడేలో స్కూలూ ఆస్పత్రీ బోరూ ఉండేవి. లేకపోవడం వల్ల జనం కదల్లేదు, జనాన్ని కదిలించి వాటిని లేకుండా చేశారు.

ఆఫ్రికా సంగతి మనకెందుకు అంటారా? ఆ తీర్పు వచ్చిన 2006 డిసెంబర్‌లోనే మన అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో పాసైంది. హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా లేపొద్దని అందులో రాసుంది. మా ఊరు కవ్వాల్ వైపే. అక్కడ మైసంపేట, రాంపూర్ ఊళ్లను 2024లో బయటికి తెచ్చారు. కుటుంబానికి 15 లక్షలో, భూమీ ఇల్లో అంటారు. ఇష్టపడి వచ్చినోళ్లను నేను తప్పుపట్టను. రేపు ఆ చోటుకు సఫారీ జీపు పోయి, అందులో కూర్చున్న ఇంకో కుర్రాడు "ఇక్కడ మనిషన్నవాడే లేడు" అని వీడియో తీస్తే, దానికి కూడా లవ్ సింబల్ పెడతామా?

కలహారీలో ఒక పెద్దాయన 2021 డిసెంబర్‌లో చనిపోయాడు. తాతల పక్కనే, రిజర్వ్ లోపల పాతిపెట్టాలని పిల్లలు అడిగారు. కోర్టులు కుదరదన్నాయి. శవం దాదాపు మూడేళ్లు మార్చురీలో ఉండిపోయింది. ఒకప్పుడు సాన్ వాళ్ల తరఫున కోర్టులో నిలబడ్డ లాయర్ డుమా బోకో 2024 చివర్లో ఆ దేశ అధ్యక్షుడయ్యాకనే, ఆ డిసెంబర్‌లో ఆయన్ను సొంత మట్టిలో పెట్టారు.