సలహా సంఘాలూ, మన విమర్శకులూ

వూరి చెరువును, వూరి చెట్టును కాపాడడానికి నలుగురూ కలిసి జీతం భత్యం లేకుండా పనిచేసే సంఘాల మీద మన అభ్యుదయ విమర్శకుల్లో వొక అభిప్రాయం స్థిరపడిపోయింది. అవి పెన్షను పుచ్చుకున్న పెద్దమనుషుల కాలక్షేపమట. మొక్క నాటడం, ఫోటో తీయించుకోవడం, నీళ్ళు పోసే పని మునిసిపాలిటీ కూలికి వదిలేయడం. భూమి గురించీ, కూలి గురించీ రాయవలసిన రచయిత యీ వ్యాపకంలో పడితే వర్గపోరాటానికి ద్రోహం చేసినట్టేనని వారు సెలవిస్తున్నారు.

యీ తీర్పులో సగం నిజం వుంది. పూర్తి అబద్ధమైతే యింత పేచీ లేకపోయేది.

ముందు ఆ నిజమైన సగం సంగతి. 2002లో పార్లమెంటు జీవవైవిధ్య చట్టం చేసింది. దాని 41వ సెక్షను ప్రకారం ప్రతి పంచాయతీ, ప్రతి మునిసిపాలిటీ వొక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని యేర్పాటు చేయాలి. 2004 నిబంధనలు ఆ కమిటీ స్వరూపం చెప్పాయి: వొక అధ్యక్షుడు, ఆరుగురికి మించకుండా సభ్యులు, వారిలో మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలు, 18 శాతానికి తగ్గకుండా షెడ్యూల్డు కులాల, తెగల వారు. కమిటీ ముఖ్యమైన పని వొక రిజిస్టరు రాయడం. వూళ్ళో యే మొక్కలున్నాయి, వాటిని యెవరు యేమని పిలుస్తారు, యే రోగానికి వాడతారు, యే చేప యే కార్తెలో యెదురెక్కుతుంది, యే వరి వంగడం మన కళ్ళముందే మాయమైంది, యివన్నీ తెలిసినవాళ్ళను అడిగి రాయాలి.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. యీ ఆలోచన గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగా వొళ్ళు పులకరించింది. పశువుల కాపరీ, మంత్రసానీ, వల వేసేవాడూ గ్రంథకర్తలుగా చట్టం పేరుమీద వొక పుస్తకం! మన నిఘంటువులు చాలావరకు కావ్యాలను గాలించి రాసినవి. యిది జనం నోటిని గాలించి రాయవలసినది. సవరల నోట విని సవర భాషను పుస్తకానికెక్కించిన గిడుగు రామమూర్తి పంతులు యీ పని చూస్తే సంతోషించేవాడు.

జరిగింది వేరు. 2016 నాటికి దేశం మొత్తం మీద యీ కమిటీలు పదివేలు కూడా లేవు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలు కన్నెర్రజేసి, 2020 జనవరి 31 లోగా అన్ని కమిటీలూ, అన్ని రిజిస్టర్లూ పూర్తి కావాలనీ, లేకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టుకోవలసి వస్తుందనీ వుత్తరువు చేసింది. చూస్తూండగానే కమిటీలు రెండు లక్షలు దాటాయి. వాటి వెనకే రిజిస్టర్లూ పరుగెత్తాయి. పదిహేనేళ్ళకు పైగా కదలని కలం నెలల్లో లక్షల పుస్తకాలు రాసింది. యింతటి గ్రంథసృష్టి మన సాహిత్య చరిత్రలో మరొకటి లేదు!

అలాంటి రిజిస్టరు వొకటి నేను చూశాను. యే వూరిదో చెప్పను. ఆ వూరి జనం తప్పేమీ లేదు. సముద్రానికి ఆరు మైళ్ళ దూరంలో వున్న వూరది. రిజిస్టరు నిండా మన్యం కొండల్లో పెరిగే చెట్లు. ఆ వూరి ఆడవాళ్ళు రోజూ గట్ల మీద గిల్లుకొచ్చే పొన్నగంటి కూర మాత్రం లేదు. లాటిను పేర్లకు యెదురుగా వున్న 'స్థానిక నామం' గడులు సగానికి సగం ఖాళీ. సమాచారం చెప్పిన పెద్దల పేర్లుండవలసిన పుటలో కమిటీ సభ్యుల పేర్లే వున్నాయి. ఆ సభ్యుల్లో వొకామెను కలుసుకుని, రిజిస్టరుకు మీరేం చెప్పారమ్మా అని అడిగాను. "నానేటి సెప్పను బాబూ? సంతకం యెట్టమన్నారు, యెట్టేను" అంది.

యింతవరకు మన విమర్శకులు చెప్పింది సబబే. అక్కడినుంచి వారు తీసే ముగింపు మాత్రం తప్పు. కాగితం కమిటీ బూటకమైంది గనక వూరి సంఘమే బూటకమంటారు. దొంగనోటు చూసి రూపాయనే కాదనుకోవడం యిది.

సోంపేట వెళ్ళి చూడండి. శ్రీకాకుళం జిల్లా అనగానే 1960ల చివరి రైతాంగ పోరాటాన్ని తలుచుకుని కవిత్వం రాసే మనవాళ్ళు, అదే గడ్డమీద 2009, 2010 సంవత్సరాల్లో జరిగిందాన్ని గురించి రాసింది తక్కువ. 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం కోసం బీల భూములను వొక కంపెనీకి కట్టబెట్టారు. బీల అంటే ఆ ప్రాంతంలో నీరు నిలిచి వుండే పల్లపు చిత్తడినేల. వేసవిలో పశువులకు మేత అక్కడ. పేదలకు గడ్డి, చేప అక్కడ. చుట్టుపక్కల పొలాలకు తడి అక్కడిదే. ప్రభుత్వ కాగితాలకు మాత్రం అది బంజరు. తెలుగు మాట తెలియక జరిగిన పొరపాటనుకునే అమాయకుడెవరూ యీ పత్రిక చదవడనుకుంటాను. బీల అని రాస్తే దానికి బతుకుంటుంది, దానిమీద బతికేవాళ్ళుంటారు. బంజరు అని రాస్తే యెవరికైనా యివ్వవచ్చు.

దాన్ని యెదిరించింది సోంపేట పర్యావరణ పరిరక్షణ సంఘం. దాన్ని యే చట్టమూ నియమించలేదు. ముందు నిలబడినవాడు వొక డాక్టరు. వెనక రైతులు, మత్స్యకారులు, స్త్రీలు. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అక్కడ రిలే నిరాహారదీక్షలు ఆ తరవాత కూడా యేళ్ళ తరబడి సాగాయి.

నాయకుడు డాక్టరు గనక అది మధ్యతరగతి వుద్యమమని మన మిత్రుడొకాయన నాతో వాదించాడు. పర్యావరణమనే మాట కాసేపు పక్కన పెట్టి చూడమన్నాను. యెవరి భూమి, యెవరి నీళ్ళు, యెవరి మేత, లాభం యెవరికి, తుపాకి యెవరి చేతిలో? యింతకన్నా వర్గప్రశ్న యెక్కడ దొరుకుతుంది? ఆయన నాయకుడి వృత్తి చూశాడు, చచ్చినవాళ్ళ వృత్తి చూడలేదు.

తీర్పు వొక్కరోజు ముందు వచ్చివుంటే అని అందరూ బాధపడ్డారు. నాకు అంతకన్నా పెద్ద ప్రశ్న వేరే వుంది. కాదు అని చెప్పే హక్కు ఢిల్లీలోనే యెందుకుండాలి? సోంపేటలో యెవరికీ యెందుకు లేదు? 2006 నోటిఫికేషను ప్రకారం బహిరంగ విచారణ జరుపుతారు. జనం చెప్పింది రాసుకుంటారు. నిర్ణయం మరోచోట చేస్తారు. చట్టం వారికి నోరిచ్చింది, ఆ నోటి మాటకు విలువివ్వలేదు. జీవవైవిధ్య కమిటీలదీ యిదే గతి. వనరుల వాడకం మీద పై బోర్డులు నిర్ణయం చేసేటప్పుడు యీ కమిటీలను సంప్రదించాలి, అంతే. సేకరణకు రుసుము విధించవచ్చు. చెరువులో యెవడైనా మట్టి పోస్తే ఆపే అధికారం ఆ సెక్షనులో లేదు.

జీతం లేనివాళ్ళకు అధికారమిస్తే ప్రళయం వస్తుందనేవారికి వొక వుదాహరణ. అదీ సోషలిస్టు దేశం నుంచి కాదు, అమెరికా నుంచి. అక్కడి మసాచుసెట్స్ రాష్ట్రంలో 1957లో చేసిన చట్టం కింద పట్టణాలు పరిరక్షణ కమిషన్లు యేర్పాటు చేసుకున్నాయి. మొదటిది యిప్స్‌విచ్ అనే సముద్రతీరపు వూరిది. ముగ్గురి నుంచి యేడుగురి దాకా సభ్యులు, అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే. మొదట్లో వారిదీ సలహా వుద్యోగమే. 1972లో వచ్చిన చిత్తడినేలల రక్షణ చట్టం అమలు వారి చేతికొచ్చింది. చిత్తడినేలకు 100 అడుగుల లోపల తవ్వాలన్నా, పూడ్చాలన్నా, కట్టాలన్నా ఆ వూరి కమిషను ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. కమిషను బహిరంగంగా విని, షరతులతో రాతపూర్వకమైన వుత్తరువిస్తుంది. చట్టానికి పొసగకపోతే వద్దంటుంది. నచ్చనివాడు పై శాఖకు అప్పీలు చేసుకోవచ్చు. 1996లో నదులకు 200 అడుగుల హద్దు కలిపారు. ఆ రాష్ట్రంలో వున్న 351 వూళ్ళలోనూ యీ పని నడుస్తోంది. ప్రళయమేమీ రాలేదు.

అంతా బంగారమని నేననడం లేదు. సంపన్నుల వూళ్ళలో పరిరక్షణ పేరు చెప్పి చవక యిళ్ళను, వాటితోపాటు పేదవాళ్ళను బయట వుంచుతారన్న విమర్శ అక్కడ బలంగానే వుంది. ఆ విమర్శ నాకు న్యాయంగానే తోస్తుంది. అధికారం వుంటే చాలదు, ఆ బల్ల చుట్టూ యెవరు కూర్చున్నారనేది చూడాలి. చిత్రమేమిటంటే, యెవరు కూర్చోవాలనే విషయంలో మన 2004 నిబంధనలే మెరుగు. స్త్రీకీ, దళితుడికీ, గిరిజనుడికీ కుర్చీ మన చట్టమే వేసింది. కూర్చున్నాక చేయడానికి పని మాత్రం యివ్వలేదు.

పైగా 2023 సవరణ యెటు నడిచిందో చూడండి. చట్టవుల్లంఘనకు జైలు తీసేసి జరిమానాతో సరిపెట్టింది. 'గ్రంథస్థమైన' సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభంలో వాటా పంచే బాధ్యత లేకుండా చేసింది. తెలుగు మేష్టరుగా నాకు యిక్కడ పాత గొంతు వినిపిస్తోంది. నోట వున్నదానికి హక్కుదారుడుంటాడు, పుస్తకంలోకి యెక్కగానే వుండడట! చికిత్స చేసింది మంత్రసాని. అదే మాట యే శాస్త్రగ్రంథంలోనో కనబడితే ఆమెకు దక్కేదేమీ లేదు. గ్రాంథికవాదం భాషలో వోడిపోయి చట్టంలో గెలిచింది. మన విమర్శకులు దీని మీద కదా కలం యెత్తవలసింది!

నేను కోరేది యిది. చెరువు, కాలువ, బీల హద్దుల్లో పూడ్చడానికీ, కట్టడానికీ, మురుగు వదలడానికీ వూరి కమిటీ రాతపూర్వకమైన వుత్తరువు తప్పనిసరి కావాలి. విచారణ నలుగురి యెదుటా జరగాలి, కారణాలు తెలుగులో రాయాలి. అంతదాకా, యీ పత్రిక చదివే ప్రతివారూ తమ మునిసిపాలిటీకి వెళ్ళి రిజిస్టరు చూపించమని అడగవచ్చు. అందులో తమ వీధి ముసలమ్మ పేరుందేమో చూడవచ్చు. లేకపోతే కాగితం, కలం తీసుకుని ఆమె దగ్గర కూర్చోవచ్చు. రచయితకు చేతకాని పనేమీ కాదిది.

యిదీ పెద్దమనుషుల కాలక్షేపమే అనేవారు కారణాలు చూపించాలి. చూపిస్తే వచ్చే సంచికలో మాట్లాడుకుందాం.