పోతూ పోతూ చెప్పిన మాట!

పని మంచి ఊపులో ఉండగా ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మాయమైపోతుంది. అప్పుడు మనమేం చేస్తాం? కాసేపు విసుక్కుని, మళ్లీ తెరిచి, ఆ సంగతే మర్చిపోతాం. కానీ చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ ఊరికే పోదు. కూలిన క్షణంలో దాని మెమరీలో ఏముందో కంప్యూటర్ ఓ ఫైలులోకి దించి పెడుతుంది. అదే క్రాష్ డంప్. ఒక రకంగా ప్రోగ్రామ్ ఇచ్చే మరణ వాంగ్మూలం!

లినక్స్‌లో దీన్ని కోర్ డంప్ అంటారు. 1950, 60ల్లో కంప్యూటర్ మెమరీని అయస్కాంత గుణమున్న బుల్లి ఉంగరాలతో అల్లేవారు. ఒక్కో ఉంగరం ఒక కోర్. ఉంగరాలు ఎప్పుడో పోయాయి, పేరు మాత్రం మిగిలింది.

తీసి చూడాలంటే...

ఫెడోరా లాంటి లినక్స్‌లలో టెర్మినల్ తెరిచి 'కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్' అని కొడితే చాలు. ఏ ప్రోగ్రామ్ ఏ రోజు, ఏ సమయానికి కూలిందో వరసగా కనిపిస్తుంది. పక్కనే పీఐడీ అనే నంబరు, కూలిన కారణానికి గుర్తుగా ఓ సంకేతం ఉంటాయి. 'సిగ్‌సెగ్‌వీ' అని ఉంటే తనది కాని మెమరీ జోలికి వెళ్లిందని అర్థం. 'సిగ్‌అబార్ట్' అయితే ఏదో తేడా గమనించి ప్రోగ్రామ్ తనంతట తానే ఆగిపోయిందన్నమాట.

'లిస్ట్' బదులు 'ఇన్ఫో' అని కొట్టి పీఐడీ ఇస్తే ఆఖరి అడుగుల జాడ దొరుకుతుంది. పై వరస కూలిన చోటు. కింది వరసలు అక్కడిదాకా తీసుకొచ్చిన దారి. ఇంకా లోతుకెళ్లాలంటే 'డీబగ్' అంటే సరి, జీడీబీ అనే పరికరం డంప్‌ను తెరిచి మన ముందు పెడుతుంది. వాటిని ఎప్పుడైనా చూడొచ్చులే అనుకోవద్దు. పాతవి కొన్నాళ్లకు వాటంతటవే చెరిగిపోతాయి.

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకంటారా? 2024 జులై 19న ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరలతో నిలిచిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలోనూ బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది! మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు ఆ డంపులను విన్‌డీబీజీ అనే పరికరంతో తెరిచి చూస్తే, క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా డ్రైవర్ హద్దు దాటి మెమరీ చదవబోయిన చోటు బయటపడింది. కొత్తగా వచ్చిన ఫైలు 21వ విలువను చూడమంది. ప్రోగ్రామ్ దగ్గరున్నవేమో 20! అంత పెద్ద గందరగోళానికి మూలం ఆ ఒక్క అంకె తేడా.

జాగ్రత్త సుమా!

మెమరీలో ఉన్నదంతా డంప్‌లోకి వస్తుందంటే అప్పుడే కొట్టిన పాస్‌వర్డ్, రాస్తున్న ఉత్తరం, బ్యాంకు వివరాలు కూడా అందులో ఉండొచ్చు. కాబట్టి ఎవరైనా అడిగారని ఫైలు మొత్తం పంపేయకండి. ప్రోగ్రామ్ పేరు, కూలిన సమయం, సంకేతం, 'ఇన్ఫో' చూపించిన పై నాలుగు వరసలు... బాగుచేసేవారికి మొదట ఇవి అందిస్తే చాలు. 'పనిచేయడం లేదండీ' అనే ఒక్క మాట కన్నా ఆ నాలుగు వరసలే వాళ్లకు ఎక్కువ సాయం చేస్తాయి.