'నిర్జన వారధి' ఏ అరలో పెడతారు?

రాజకీయ ఆత్మకథలు ఏం చదవాలని ఎవర్నడిగినా చెప్పే జాబితా దాదాపు ఒకటే. ప్రకాశం 'నా జీవితయాత్ర', సుందరయ్య 'విప్లవ పథంలో నా పయనం', పీవీ 'లోపలి మనిషి'. ఇంగ్లీషు చదివేవాళ్ళయితే సంజయ బారు. కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' అందులో ఉండదు. అది స్త్రీల ఆత్మకథలు అనే ఇంకో జాబితాలో ఉంటుంది. నా పేచీ అక్కడే.

అసలు ఈ పుస్తకాలు మనం ఎందుకు చదువుతున్నాం? నిజం చెప్పుకుంటే, గుట్టు కోసం. తలుపులు మూసుకుని ఎవరు ఎవర్ని ఏమన్నారో తెలుసుకోవాలని. ఈ ఆకలిని ప్రచురణకర్తలు బాగానే కనిపెట్టారు. బారు పుస్తకం 2014 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికలు నడుస్తుండగా వచ్చింది. దాని మీద తీసిన సినిమా 2019 జనవరిలో, మళ్ళీ ఎన్నికల ముంగిట. (రిలీజ్ డేట్లు ఇంత పకడ్బందీగా కుదర్చడం మా ఐటీ వాళ్ళకీ చేతకాదు.)

పీవీ సంగతి వేరు. 1998లో ఆయన రాసింది నవల. హీరో పేరు ఆనంద్, రాష్ట్రం అఫ్రోజాబాద్. ప్రధానమంత్రి పదవి దాకా కథ రానే రాదు. భూసంస్కరణల్ని సొంత పార్టీయే ఎలా నీరుగారుస్తుందో అంత దగ్గర్నుంచి చెప్పిన పుస్తకం ఇంకోటి నేను చదవలేదు. కానీ ముసుగు ముసుగే. ఏ పాత్ర ఎవరో పోల్చుకునే ఆటలో మనం పడిపోతాం, రచయిత మాత్రం చేతికి దొరకడు.

కోటేశ్వరమ్మ దొరుకుతారు. బాల వితంతువు, పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. తర్వాత పీపుల్స్‌వార్ నాయకుడైన సీతారామయ్య ఆమెని వదిలి వెళ్ళిపోయాడు. ముప్పై దాటాక మళ్ళీ చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేశారు. పిల్లలిద్దరూ ఆమెకంటే ముందే పోయారు. ఈ పుస్తకం 2012లో వచ్చేసరికి ఆమెకి తొంభై దాటాయి.

ఇందులో రాజకీయం లేనిదెక్కడ? ఉద్యమం ఒక ఇంటి నుంచి ఏమేం తీసుకుందో చాలామంది నాయకుల పుస్తకాల్లో కనపడదు. వాళ్ళకి ఎవరో ఒకరు అన్నం వండిపెడుతూనే ఉన్నారు మరి.

కుటుంబం గురించి రాశారు కాబట్టి వ్యక్తిగతం అంటారా? 2020లో విజయమ్మ రాసిన 'నాలో నాతో వైఎస్సార్' కూడా ఇంటి కథే. ముఖ్యమంత్రిగా ఉన్న కొడుకే ఇడుపులపాయలో దాన్ని ఆవిష్కరించాడు. అది రాజకీయ పుస్తకం కాదని ఎవరూ అనరు. అధికారంలో ఉన్న ఇల్లయితే రాజకీయం, చితికిపోయిన ఇల్లయితే స్త్రీల సాహిత్యమా?

కోటేశ్వరమ్మకి ఎర్రజెండా మీద ప్రేమ చివరిదాకా పోలేదు. ఆ ప్రేమని దాచుకోకుండానే పార్టీని అడగాల్సినవి అడిగారు. పదవి పోయాక పుస్తకాలు రాసే మన నాయకులు ఎదుటివాళ్ళ తప్పులే ఏకరువు పెడతారు. ఎవరైనా నన్ను జాబితా అడిగితే, ప్రకాశం పక్కనే ఆమె పేరు చెబుతున్నాను.