ఆట టిక్కెట్టు ఎవరు కొంటారు?

మన సంఘసభ్యులలో ఒక సోదరుడు కిందటి నెల నాకొక ప్రశ్న వేశారు. “అయ్యా, హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టు 2022లో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచింది. మూడేళ్ళు తిరిగేసరికి జట్టే ఊరు విడిచి ఢిల్లీ వెళ్ళిపోయింది. గెలిచిన జట్టుకు గచ్చిబౌలి స్టేడియం కొచ్చిలో మాదిరిగా ఎందుకు నిండలేదు? కప్పు ఎరుగని కొచ్చిలో జనం ఎందుకు విరగబడ్డారు? మీరు పద్దులు రాసేవారు గదా, ఈ లెక్క తేల్చండి” అన్నారు.

పద్దులు రాసేవాడికి ఆటల సంగతేమిటని ఇంట్లో నవ్వారు. కాని ఆలోచిస్తే ఇది ఆట సంగతి కాదు, సంసారుల సంగతి. నెలజీతం మీద బ్రతికేవాడు జేబులోంచి ఒక నోటు తీసి, రెండు గంటలసేపు గట్టు మీద కూర్చుని అరిచి రావడానికి ఎప్పుడు ఇస్తాడు, ఎప్పుడు ఇవ్వడు అన్నదే ఇందులోని ప్రశ్న.

ధర తగ్గిస్తే జనం వస్తారని అందరికీ తోచే మొదటి మాట. మన ఊరినుంచి లెక్క వేసి చూడండి. బసవకళ్యాణ్ నుంచి హుమ్నాబాదు, జహీరాబాదు, సంగారెడ్డి మీదుగా హైదరాబాదు ఇంచుమించు 170 కిలోమీటర్లు. గచ్చిబౌలి మనవైపే ఉన్నది, అది ఒక మేలు. 2023 జూన్ నుంచి మన ఆడవాళ్ళకు సర్కారు బస్సులో చార్జీ లేదు, నిజమే. కాని ఆ ఉచితం రాష్ట్రపు పొలిమేర దాకానే. ఐ.ఎస్.ఎల్. ఆట సాధారణంగా రాత్రి ఏడున్నరకు మొదలయ్యేది, ముగిసేసరికి తొమ్మిదిన్నర. ఆ వేళకు పిల్లలతో బస్సు పట్టుకోవడం కష్టం గనుక చుట్టాలింట్లో పడుకోవాలి. చుట్టాలింటికి ఉత్తచేతులతో పోలేము గదా! పళ్ళో, మిఠాయో కొనాలి. మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టాలి. ఇదంతా కాగితం మీద వేసి కూడితే, ఆట టిక్కెట్టు ఆ పద్దులో అన్నిటికంటె చిన్న అంకె అవుతుంది.

హైదరాబాదులో ఉండేవాడికీ ఈ లెక్క తప్పదు. ఫుట్‌బాల్ పుట్టి పెరిగిన పేటలు సికిందరాబాదు, బొలారం, పాతబస్తీ. స్టేడియం చూడబోతే పడమటి కొసన. మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చి ఆగిపోతుంది. పనిరోజు సాయంకాలం ఆ రోడ్ల మీద బండి నడిపినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. టిక్కెట్టు ధర కొంచెం అటో ఇటో అయినంత మాత్రాన జనం అంతగా పెరగరు, తరగరు అని ఇతర దేశాలలో లెక్కలు వేసినవారు చాలామంది చెప్పడంలో ఆశ్చర్యం లేదు. జర్మనీలో డోర్ట్‌ముండ్ అనే పారిశ్రామిక పట్టణం ఉన్నది. అక్కడి స్టేడియం 81 వేలమంది పట్టేది. ఒక వైపు ఇంచుమించు 25 వేలమంది నిలబడే చూస్తారు. ఆ నిలబడే చోటు చవక. అది దానధర్మం కాదు సుమా! ఆ నిలబడ్డవాళ్ళ కేకలు వినడానికే తక్కినవాళ్ళు ఎక్కువ డబ్బిచ్చి కూర్చుంటారు.

ఇక రెండవ మాట. ఎవరు గెలుస్తారో తెలియని ఆటకే గిరాకీ అని సైమన్ రాటెన్‌బర్గ్ అనే అమెరికా పండితుడు 1956లో రాశాడు. ఆయన రాసింది బేస్‌బాల్ గురించి. 1964లో వాల్టర్ నీల్ అనే మరో ఆయన ఇంకొక సంగతి చెప్పాడు. బజారులో కొట్టు పెట్టినవాడు పక్క కొట్టు మూతపడితే సంతోషిస్తాడు. ఆటలో అలా కాదు, ఎదుటివాడు బలంగా ఉంటేనే మనకు రాబడి. జో లూయీ వంటి ముష్టియోధుడైనా ఎదుట ష్మెలింగ్ వంటివాడు ఉంటేనే జనం వస్తారన్నాడు. ఈ సంగతి మన జాతరలలో కుస్తీలు పెట్టించే పెద్దలకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. పేరున్న వస్తాదుకు జోడు దొరకలేదంటే, డప్పు ఎంత కొట్టినా గోదా చుట్టూ జనం పలచబడతారు.

కాని, ఏమాటకామాటే చెప్పుకోవాలి. తరువాత వేసిన లెక్కలు రాటెన్‌బర్గ్ మాటను పూర్తిగా నిలబెట్టలేదు. ఫుట్‌బాల్ జనం సమానమైన పోటీ కోసమే రారు. మనవాళ్ళు గెలుస్తారనే ఆశతో వస్తారు; లేదా పేరుమోసిన జట్టు మన ఊరికి వచ్చిందంటే, ఓడిపోతామని తెలిసినా వస్తారు. నా బుద్ధికి తోచేది ఇదే: తీర్పు తెలియని కేసులు కోర్టులో రోజూ ఎన్నో నడుస్తాయి. మనవాడి కేసు ఉన్న రోజునే మనం వెళతాము.

ఈ ‘మనవాడు’ అన్న మాట ఎంత దూరం పోతుందో తెలియాలంటే కలకత్తా వైపు చూడాలి. 1997 జూలై 13న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్పు సెమీఫైనలు జరిగింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. ఆనాడు ఆట చూసినవారు 1,31,781 మంది. ఒక్క ఆటకు అంతమంది! మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా ‘డైమండ్’ అనే కొత్త పద్ధతి తెచ్చానని చెప్పుకొని, ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లు వంకరగా పలికి ఎగతాళి చేశాడు. ఎదుటి శిక్షకుడు పి.కె. బెనర్జీ. వారంరోజులు ఇంటింటా ఇదే మాట. చివరకు ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది, భైచుంగ్ భూటియా మూడు గోలులు వేశాడు. ఆ టిక్కెట్టు కొన్నవాడు కాలిబంతి చూడడానికి కొన్నాడా? తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకూ, అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలకూ మధ్య వంటింటి దాకా పాకిన పంతం అది. రొయ్యల కూర ఒకరిది, పులస చేప ఒకరిది అన్నట్టు ఆ ఊళ్ళో వంటకాలకు కూడా పక్షాలున్నాయి. ఈ అభిమానం ముదిరితే ఏమవుతుందో కూడా ఆ ఊరే చూసింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో ఇవే రెండు జట్ల ఆటలో కొట్లాట లేచి 16 మంది చనిపోయారు.

ఇంట్లో కూర్చుని చూడగలిగితే టిక్కెట్టు ఎవరు కొంటారని కొందరి సందేహం. ఇంగ్లండులో 1960 సెప్టెంబరు 10న బ్లాక్‌పూల్, బోల్టన్ జట్ల ఆటను లీగులో మొదటిసారిగా జరుగుతూ ఉండగానే టెలివిజనులో చూపారు. జనం రారని బెదిరి తక్కిన జట్లు ఒప్పుకోలేదు, ఆ ఏర్పాటు అంతటితో ఆగింది. ఆ దేశంలో నేటికీ శనివారం మధ్యాహ్నం మూడు గంటల ఆటలు టీవీలో చూపరు. 1948–49లో అక్కడి లీగు ఆటలకు 4 కోట్ల 10 లక్షల పైచిలుకు జనం వచ్చారు. 1985–86 నాటికి అది 1 కోటి 65 లక్షలకు పడిపోయింది. నెపమంతా టీవీ మీద వేయడం న్యాయం కాదు. వేరే వినోదాలు వచ్చాయి, గాలరీలలో రౌడీతనం పెరిగింది, గట్లు పాతబడ్డాయి. స్టేడియాలు బాగుచేసిన తరువాత, టీవీలో ఎప్పుడూ లేనన్ని ఆటలు చూపుతున్నా, జనం మళ్ళీ వచ్చారు.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. మన బీదరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే గదా. కనుక ఆనాటి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు మన జట్టే అన్నా తప్పులేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్ళదే. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారు. వారికి ఆట నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. 1963లో రహీం సాహెబు కన్నుమూశారు.

ఆనాటి ఆటగాడు ఊళ్ళోవాడు. పగలు ఉద్యోగం, సాయంకాలం మైదానం. టీకొట్టు దగ్గర కనబడేవాడు, వాడి తమ్ముడు మన తమ్ముడితో చదివేవాడు. వాడి ఆట చూడడానికి వెళ్ళడం పెళ్ళికి వెళ్ళినట్టే; పిలుపు అక్కరలేదు. అయితే గిరాకీ ఉన్నచోటికే సరుకు పోతుంది. కలకత్తాలో గేటు రాబడి ఎక్కువ, పేరు ఎక్కువ. 1950 ప్రాంతంలో ఈస్ట్ బెంగాల్ ముందువరుసలో ఆడిన అయిదుగురిని ఆ ఊరివాళ్ళు పంచపాండవులని పిలిచేవారు. అందులో ఒకాయన పేరు అప్పారావు! పేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో అక్కడికే వెళ్ళాడు. ఒకడి తరువాత ఒకడు వెళ్ళిపోతూ ఉంటే ఊళ్ళో మైదానం గట్టు ఎవరికోసం నిండుతుంది?

2019లో హైదరాబాదుకు మళ్ళీ ఒక వృత్తి జట్టు వచ్చింది. నవంబరు 2న గచ్చిబౌలిలో సొంతగడ్డ మీద తొలి ఆట, కేరళ జట్టు మీద 2–1తో గెలుపు. ఆ ఏడు చివరకు అట్టడుగున మిగిలింది, అయినా మొదటి ఏడు గదా అనుకొన్నారు. అంతలో కోవిడు వచ్చిపడింది. రెండు ఏళ్ళపాటు ఆటలన్నీ గోవాలోనే, తలుపులు మూసి. సరిగ్గా ఆ రెండేళ్ళలోనే జట్టు బాగుపడింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనలు. ఆ ఒక్క రోజుకు జనాన్ని లోపలికి వదిలారు. పట్టికలో పైన ఉన్నందువల్ల పసుపు చొక్కా హైదరాబాదుకు దక్కింది, ఎప్పుడూ పసుపు తొడిగే కేరళవాళ్ళు వేరే రంగు తొడగవలసి వచ్చింది. అయినా గాలరీలలో పసుపు కట్టుకొని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది కేరళ పక్షమే! ఆట 1–1, ఆ మీద పెనాల్టీలలో గోలుకీపరు కట్టిమణి మూడు బంతులు ఆపాడు, హైదరాబాదు గెలిచింది. గెలిచినవారు ఎవరో, గాలరీ ఎవరిదో, ఒకే సాయంకాలం రెండూ తేలిపోయాయి.

నేనైతే టిక్కెట్టును చీటీతో పోలుస్తాను. చీటీ కట్టేవాడు ఈ నెల లాభం చూసి కట్టడు. చీటీ నడిపేవాడు వచ్చే ఏడు కూడా ఊళ్ళో ఉంటాడన్న నమ్మకంతో కడతాడు. తండ్రి కొడుకును మొదటిసారి గాలరీకి తీసుకుపోవడం మొదటి వాయిదా వంటిది. పాట పాడే నాటికి పది పదిహేనేళ్ళు పడుతుంది. హైదరాబాదులో మొదటి వాయిదాలు కట్టవలసిన రెండున్నరేళ్ళు గేటుకు తాళం. 2022 అక్టోబరులో తలుపులు తెరిచి, ఆ ఏడు రెండవ స్థానంలో నిలిచి, జనం అలవాటు పడబోయే వేళకు జీతాల గొడవ. 2023–24లో ఆటగాళ్ళు నడుమనే వెళ్ళిపోయారు; కుర్రవాళ్ళు ఆడిన 22 ఆటలలో గెలుపు ఒకటే, పాయింట్లు 8. యాజమాన్యం మారింది, 2025లో జట్టు ఢిల్లీ చేరి పేరు కూడా మార్చుకొన్నది. టిక్కెట్లు అమ్ముడుపోనందువల్లనే జట్టు పోయిందని నేను అనను. మన దేశంలో జట్లకు గేటు రాబడి మొత్తం ఖర్చులో చిన్నభాగమే. రేపు ఉంటుందో లేదో తెలియని జట్టుకు టిక్కెట్టు కొనమని జనాన్ని అడగడం న్యాయం కాదని మాత్రం అంటాను.

మరి కొచ్చి? అక్కడ 2014లో మొదటి ఏడే ఆటకు సగటున 49 వేలమంది వచ్చారు. మలయాళీలకు ఫుట్‌బాల్ అంతకుముందే ఊరూరా ఉన్నది. కొత్త జట్టు కట్టిన ఇంట్లోకి వచ్చి కాపురం పెట్టింది. అంతమాత్రాన వాళ్ళ అభిమానం అంతులేనిదని అనుకోవద్దు. జట్టు నడిచే తీరు నచ్చక 2024 డిసెంబరులో మంజప్పడ అనే అభిమానుల సంఘం, ఇక జట్టు దగ్గర టిక్కెట్లు తీసుకొని అమ్మబోమని ప్రకటించింది. చీటీ కట్టినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది.

మన ఊరివాళ్ళ ఇబ్బంది ఇంకొక రకం. కాగితాల ప్రకారం మనది కర్ణాటకం. మన జట్టు బెంగుళూరుది. ఆ కంఠీరవ స్టేడియానికి వెళ్ళాలంటే రాత్రంతా ప్రయాణం. మనసేమో హైదరాబాదు రోడ్డు పట్టుకొని పోతుంది. 2022 అక్టోబరు 22న ఆ రెండు జట్లకే గచ్చిబౌలిలో ఆట పడింది. టీవీ ముందు మా ఇంట్లో రెండు పక్షాలు. హైదరాబాదులో చదివి వచ్చిన పెద్దవాడు ఒక వైపు, బెంగుళూరు హాస్టలు నుంచి దీపావళికి వచ్చిన చిన్నవాడు మరొక వైపు. ఒగ్బెచే వేసిన ఒక్క గోలుతో హైదరాబాదు గెలిచింది. పెద్దవాడు లేచి ఎగిరాడు. చిన్నవాడు అన్నం తినకుండా పడుకొంటే వాళ్ళమ్మ బ్రతిమాలి లేపవలసి వచ్చింది. ఆ రాత్రి ఇద్దరిలో ఎవరూ టిక్కెట్టు కొనలేదు. కాని వీలైతే ఇద్దరూ కొనేవాళ్ళే.