హెచ్చు వెల పెట్రోలు

వికారాబాదునందును తాండూరునందును మోటారు కారు నేడు ధనికుల యింటి అలంకారము మాత్రమే కాదు. కందుల రైతు, నాపరాతి వర్తకుడు, ఉపాధ్యాయుడు, రోగిని హైదరాబాదు ఆసుపత్రికి గొనిపోవు టాక్సీ డ్రైవరు, వీరందరును పెట్రోలు బంకు కడ నిలిచి జేబు తడవి చూచుకొనువారే. అట్టివారికి బంకులలో ఒక ప్రశ్న యెదురగుచున్నది: సాధారణ పెట్రోలా, ప్రీమియం పెట్రోలా? వెల హెచ్చు గనుక గుణమును హెచ్చేయని తలచి, కారునకు మేలు చేయుచున్నామను తృప్తితో కొందరు రెండవదానిని పోయించుకొనుచున్నారు. ఈ తృప్తి న్యాయమైనదా, వెలపెట్టి కొనితెచ్చుకొన్న భ్రమయా యని విచారించుట అవసరము.

ఆక్టేను సంఖ్య పెట్రోలు బలమునకు కొలత కాదు, ఓర్పునకు కొలత. ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలసి పిస్టనుచే ఒత్తబడును. స్పార్కు ప్లగ్గు రవ్వ రాజేసిన పిమ్మట మంట క్రమముగ వ్యాపింపవలెను. అట్లు గాక, వేడికిని ఒత్తిడికిని తాళజాలక మిగిలిన మిశ్రమము తనంత తానే అంటుకొన్నయెడల ఇంజను టకటక కొట్టుకొనును. ఇది చిరకాలము సాగిన ఇంజనుకు హాని కలుగును. ఈ దోషమును పెట్రోలు ఎంతవరకు నిలువరింపగలదో తెలుపునదే ఆక్టేను సంఖ్య. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100 అనియు, నార్మల్ హెప్టేను అను ద్రవమునకు 0 అనియు ఏర్పరచి, వానితో పోల్చి ఈ సంఖ్యను నిర్ణయింతురు. కావున 91 కంటె 95 లో హెచ్చు శక్తి దాగియున్నదని తలచుట పొరపాటు.

అట్లయిన హెచ్చు ఆక్టేను ఎవరికి కావలెను? మిశ్రమమును మిక్కిలి బిగించి ఒత్తు ఇంజనులకును, కొన్ని టర్బో ఇంజనులకును కావలెను. అట్టి కారు కొన్నవారికి తయారీదారు ఇచ్చు పుస్తకములోనే ఆ సంగతి వ్రాయబడియుండును. వారు తప్పక దానినే వాడవలెను. కాని మన వీథులలో తిరుగు చిన్న కార్లలో అధిక భాగము సాధారణ పెట్రోలునకే నిర్మింపబడినవి. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను అమలునకు వచ్చిన బి.ఎస్.6 ప్రమాణము ప్రకారము సాధారణ పెట్రోలునకు కనీసము 91 ఆక్టేను ఉండవలెను. అట్టి కారులో 95 పోసినంత మాత్రమున దాని జాతి మారదు. పైగా వికారాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. గాలి పలుచనగు కొలది ఇంజను కొట్టుకొను దోషము కొంత తగ్గును గాని హెచ్చదు.

ఆక్టేను సంఖ్యను పెంచుటకై లోకము పూర్వము గొప్ప మూల్యము చెల్లించినది. అమెరికాలో 1921 లో థామస్ మిడ్జిలీ సీసపు సమ్మేళనమొకటి ఈ పనికి అక్కరకు వచ్చునని కనుగొనెను. ఆ విషము దశాబ్దముల కొలది పొగగొట్టముల ద్వారా పసిపిల్లల రక్తములో చేరినది. మన దేశమున 2000 సంవత్సరమున సీసపు పెట్రోలు అంతరించినది. ప్రపంచమున చిట్టచివరి దేశమగు అల్జీరియాలో 2021 లో అంతరించినది. నేడు ఆక్టేను పెంచుటకు తోడ్పడుచున్నది ఇథనాలు. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసినది. ఇందువలన సాధారణ పెట్రోలు ఆక్టేను సుమారు 95 కు చేరినదని కేంద్ర పెట్రోలియం శాఖయే 2025 ఆగస్టులో ప్రకటించినది.

ఇచ్చట పాఠకులు ఒక్క నిమిషము నిలిచి ఆలోచింతురు గాక! సాధారణ పెట్రోలే 95 కు చేరినదని ప్రభుత్వము చెప్పుచుండగా, 95 అను అంకెను పేరులో ధరించి హెచ్చు వెలకు అమ్ముడుపోవు పెట్రోలు మనకు అదనముగ నిచ్చునది ఏమి? శుభ్రపరచు ద్రవ్యములు కలిపినామని కంపెనీలు చెప్పవచ్చును. ఇంజను లోపలి మసిని తొలగించుట మంచి పనియే. కాని అది వేరు గుణము, ఆక్టేను వేరు గుణము. ఒకదానిని చూపి రెండవదానికి వెల కట్టుట న్యాయము కాదు.

ఇథనాలు కలిసిన తరువాత మైలేజి తగ్గినదని విసిగి ప్రీమియం వైపు మరలినవారును కలరు. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు కంటె మూడింట ఒక వంతు తక్కువ. పాత కార్లలో మైలేజి నూటికి 6, 7 పాళ్లు తగ్గవచ్చునని నీతి ఆయోగు 2021 లోనే అంచనా వేసినది. తగ్గినది శక్తి, ఆక్టేను కాదు. తక్కువైన శక్తిని ఆక్టేనుతో పూడ్చబూనుట ఆకలికి మందు త్రాగుట వంటిది.

లెక్క చూతము. సాధారణ పెట్రోలు లీటరు 108 రూపాయలు, ప్రీమియం 116 రూపాయలు అనుకొందము. నెలకు 60 లీటర్లు వాడు గృహస్థు 480 రూపాయలు, ఏడాదికి 5,760 రూపాయలు అదనముగ చెల్లించును. ఈ సొమ్ము తిరిగి రావలెనన్న, లీటరుకు 16 కిలోమీటర్లు నడచు కారు 17 కు మించి నడువవలెను. సాధారణ పెట్రోలునకు నిర్మింపబడిన కారు అట్లు నడచునని నమ్ముటకు ఆధారము లేదు. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 2025 నాటికి నూటికి 35.20 చొప్పున నున్నది. వెల పెరిగిన కొలది పన్నును పెరుగును. కనుక మన భ్రమ కంపెనీకే కాక ఖజానాకును ఆదాయమగుచున్నది. మన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచుండగా, పెట్రోలుపై వెచ్చించు ప్రతి రూపాయికి తగిన ఫలము కోరుట స్వార్థము కాదు, దేశసేవయే.

ఈ మోజు మనకు మాత్రమే పరిమితము కాదు. అవసరము లేకయే ప్రీమియం వాడి అమెరికనులు ఒక్క యేడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేసిరని అచ్చటి వాహనదారుల సంఘము ట్రిపుల్ ఏ 2016 లో లెక్క తేల్చినది. అయినను ఆ దేశమున బంకు యంత్రముపై ఆక్టేను సంఖ్యను పసుపు పచ్చని చీటిపై చూపవలెనను నిబంధన కలదు. మన బంకులలో వెల కనబడినంత స్పష్టముగ సాధారణ పెట్రోలు ఆక్టేను కనబడదు. ఇథనాలు లేని పెట్రోలును కూడ అమ్మవలెననియు, ఇథనాలు పాలును బంకులలో స్పష్టముగ చూపవలెననియు కోరిన వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1 న త్రోసిపుచ్చినది. న్యాయస్థానము ద్వారా రానిదానిని ప్రజాభిప్రాయము సాధింపవలెను.

కావున మేము కోరునది యిది. వికారాబాదు, తాండూరు బంకులలో ప్రతి పెట్రోలు ఆక్టేను సంఖ్యయు, ఇథనాలు పాలును, కలిపిన ద్రవ్యములును తెలుగులో పెద్ద అక్షరములతో పలకపై వ్రాయబడవలెను. వినియోగదారుల సంఘములు దీనికై జిల్లా అధికారులను అడుగవలెను. కారు గలవారు ముందుగ పుస్తకము తెరచి తమ ఇంజనుకు కావలసినది తెలిసికొనవలెను. నాపరాతి ధూళి నిండిన తాండూరులో గాలి ఫిల్టరును వేళకు మార్పించుట, చక్రములలో గాలి సరిచూచుట, కొలతపై అనుమానము కలిగినపుడు బంకులోని అయిదు లీటర్ల పాత్రతో కొలిపించుట, వీనివలన కలుగు లాభము హెచ్చు వెల పెట్రోలువలన కలుగదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెతను మన పెద్దలు ఊరకే చెప్పలేదు. పేరునకు వెల యిచ్చుట మాని, పనికి వెల యిచ్చుట నేర్చిననాడు వర్తకుడును దారికి వచ్చును.